నూటపది శాతం

సోమవారం మధ్యాహ్నం ఆర్గానిక్ ల్యాబ్‌లో అందరూ చేసేది ఒకటే పని. సాలిసిలిక్ ఆమ్లం ఫ్లాస్కులో వేసి, ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ పోసి, పైన సల్ఫ్యూరిక్ ఆమ్లం నాలుగు చుక్కలు వేసి, వేడినీళ్ళలో పెట్టి కబుర్లు చెప్పుకోవడం. తర్వాత ఐసులో పెడితే అడుగున తెల్లటి స్ఫటికాలు దిగుతాయి. వడకట్టి, ఆరబెట్టి, తూకం వేస్తే అదే ఆస్పిరిన్. లెక్క ప్రకారం రావాల్సినంత ఎవరికీ రాదు. కొంత గాజుకు అంటుకుంటుంది, కొంత నీళ్ళతో పోతుంది, కొంత బల్లమీద ఒలికిపోతుంది. డెబ్బై శాతం వస్తే మేడమ్ తల ఊపుతుంది. తొంభై వస్తే ఎవరి దగ్గర కొట్టేశావని అడుగుతుంది.

ఒక పిల్లకి మాత్రం నూటపది వచ్చింది. ఆ పూట నుంచే ల్యాబ్‌లో అందరూ ఆమెను నూటపది అని పిలవడం మొదలుపెట్టారు.

మేడమ్ ముందు కసిరింది. తడి ఆరలేదు పొమ్మంది. మళ్ళీ ఆరబెట్టినా అంతే తూగింది. చిటికెడు పొడి సన్నటి గాజు గొట్టంలో దట్టించి వేడిచేస్తే, ఎక్కడ కరగాలో సరిగ్గా అక్కడే కరిగింది. కల్తీ ఏమీ లేదు. అప్పుడు మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, జలుబు చేసిందా అన్నంత మామూలుగా అడిగింది.

"మీ ఇంట్లో ఎవరన్నా చిక్కిపోతున్నారా?"

"మా అమ్మ, మేడమ్. ఎండాకాలం నుంచి. డాక్టర్లు చేతులెత్తేశారు."

"అదీ సంగతి," అంది మేడమ్.

పక్క బల్లవాళ్ళు ఓహో అనుకుని తమ ఫ్లాస్కుల వైపు తిరిగారు. ల్యాబుల్లో ఇలాంటివి అప్పుడప్పుడూ ఉండేవే. ఇంట్లో తరిగింది ఎక్కడో ఒకచోట తేలాలి కదా.

"పరీక్షప్పుడే నీకు కష్టం," అంది మేడమ్. "బయటి నుంచి ఎగ్జామినర్ వస్తాడు. వంద దాటితే సున్నా వేసి పోతాడు. ఇంటి సంగతులు చెప్తే వినడు."

"కాస్త తీసేసి తూచితే సరిపోతుందిగా?" అంది పక్కనున్న స్నేహితురాలు.

"ఎదురుగా నిలబడి తూయిస్తాడు. అయినా అందులో ఏది మందో, ఏది వాళ్ళమ్మో విడదీసే పద్ధతి నాకైతే తెలీదు."

ఆ పొడి పారెయ్యడానికి చేతులు రాక, నూటపది పొట్లం కట్టుకుని ఇంటికి తీసుకెళ్ళింది.

తల్లి దర్జీ. మిషను తొక్కే ఓపిక పోయాక దాని పక్కనే మంచం వేయించుకుని, తన గౌన్లు తనే చేత్తో బిగించుకుంటూ ఉండేది. టేపు పెట్టి నడుం కొలుచుకుని, "పెళ్ళప్పుడు కూడా ఇంత సన్నగా లేను. మీ నాన్న ఉంటే మళ్ళీ వెంటపడేవాడు," అనేది. ఆ మాటకు పిన్ని వంటింట్లోంచి నవ్వేది. అక్కను చూసుకోవడానికని వచ్చిన పిన్నికి నవ్వడం కూడా ఒక పనే అయిపోయింది.

పొట్లం విప్పి చూసింది తల్లి. "ఇది దేనికి పనికొస్తుంది?"

"తలనొప్పికి."

"మంచిదే. ఇన్నాళ్ళూ అందరికీ తెప్పించానే గానీ తగ్గించలేదు."

పిన్ని నవ్వింది. నూటపది నవ్వలేదు. తను ఫ్లాస్కు పెట్టబట్టే అమ్మ తరిగిపోతోందన్న ఆలోచన ఆ రాత్రే ఆమె బుర్రలో దూరింది. ఇక ల్యాబ్ మానేసింది. సోమవారం వస్తే కడుపునొప్పి అనేది. ఆ కడుపునొప్పి మంగళవారానికి తగ్గిపోవడం తల్లి కనిపెడుతూనే ఉంది.

"ఎందుకు పోవట్లేదే?" అని ఒకరోజు నిలదీసింది.

"నేను పోతే నువ్వు తగ్గిపోతున్నావు."

తల్లి టేపు తీసి నడుంచుట్టూ బిగించి చూపించింది. "ఇదిగో, నువ్వు పోకపోయినా తగ్గాను. కత్తెర పడ్డాక గుడ్డ తరగక మానుతుందా? ముక్కలు ఎటుపోయాయో తెలియకపోతేనే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అప్పుడైతే నీ ఫ్లాస్కులోకి పోయాననుకున్నాను. మరి ఈ నెలంతా నేనెటు పోయానో చెప్పు."

నూటపది తల్లి ఒళ్ళో తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. తల నిమిరే చెయ్యి మీద పడిందో లేదో తెలియనంత తేలిగ్గా ఉంది. ఆ తేలికే ఆమెను ఎక్కువ ఏడిపించింది.

తర్వాతి సోమవారం నుంచి మళ్ళీ ల్యాబ్‌కు వెళ్ళింది. నూటపదిహేను వచ్చింది, నూట ఇరవై వచ్చింది. పొట్లాలు తల్లి దిండు కింద చేరాయి. పరీక్ష దగ్గరపడ్డాక వంద దాటితే సున్నా అన్న సంగతి ఇక దాచలేక చెప్పేసింది. ఇది పోతే చదువంతా అక్కడే ఆగిపోతుందని కూడా చెప్పింది.

తల్లి దిండు కింది పొట్లాలు తడిమి చూసుకుంది. "అయితే ఆ రోజు నేను తగ్గను."

"అది నీ చేతిలో ఉందామ్మా?"

"ఒక్కపూట బిగబట్టుకుని ఉండలేనా? బట్టలు రేపిస్తానని ఊళ్ళోవాళ్ళకి మాటిచ్చి నేనెన్నిసార్లు ఇవ్వలేదు?"

"చాలాసార్లు ఇవ్వలేదు."

"ఇది ఇస్తాను."

పరీక్ష రోజు పొద్దున్నే తల్లి పట్టుబట్టి గ్లాసుడు పాలు తాగింది. వీపు వెనక దిండ్లు పెట్టించుకుని, మంచం పట్టెలు రెండు చేతులా గట్టిగా పట్టుకుని కూర్చుంది. "ఇక నన్ను కదిలించకు. వెళ్ళు," అంది.

చీటీలో ఆస్పిరినే వచ్చింది. ఐసులో పెట్టినా చాలాసేపు స్ఫటికాలు దిగలేదు. గాజు కడ్డీతో ఫ్లాస్కు లోపలివైపు గీరుతూ కూర్చుంటే, మెల్లగా పొగమంచులా తెల్లదనం కమ్మింది. వడకట్టి, ఆరబెట్టి, ఎగ్జామినర్ ఎదుట త్రాసు మీద పెట్టింది. అంకెలు కాసేపు ఊగి నిలబడ్డాయి. లెక్కవేస్తే డెబ్బై ఆరు శాతం. ఎగ్జామినర్ బాగుందని సంతకం పెట్టి పక్క బల్లకు వెళ్ళిపోయాడు.

నూటపది ఆ కాగితం పట్టుకుని స్టోరు గది దగ్గరున్న మేడమ్ దగ్గరకు దాదాపు పరిగెత్తింది. "మేడమ్, మా అమ్మ మాట నిలబెట్టుకుంది. ఒక్క రవ్వ కూడా తగ్గలేదు."

మేడమ్ ఆ అంకె వైపు చాలాసేపు చూసింది. మెచ్చుకోలేదు. "కోటు విప్పి ఇంటికి వెళ్ళమ్మా," అంది. "సామాను నేను కడుగుతాను."

"ఇంకా వైవా ఉంది మేడమ్."

"అది నేను మాట్లాడతాను. నువ్వు వెళ్ళు."

నూటపది మొహంలో నవ్వు అలాగే ఉండిపోయి, తర్వాత మెల్లగా దిగిపోయింది. డెబ్బై ఆరు. అందరికీ వచ్చినట్టే. తగ్గడానికైనా ఇంట్లో మనిషంటూ ఉండాలి.

పిన్ని వాకిట్లోనే నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"పరీక్ష అయ్యేదాకా నీకు కబురు పెట్టొద్దంది," అంది పిన్ని. "పోయేముందు నిన్ను ఒక్కటే అడగమంది. వంద దాటిందా అని."

"దాటలేదు పిన్నీ," అని చెప్పి, నూటపది గడప మీదే కూలబడి ఏడ్చింది.