ఇదేమిటో తెలిసినవారు చెప్పగలరు

ఊరి పాత వస్తువుల పరిరక్షణ సంఘంలో సభ్యులు ఐదుగురు. జీతం లేని పని కాబట్టి ఎన్నికల గొడవ ఎప్పుడూ రాలేదు, ఒప్పుకున్నవాడే సభ్యుడు. అధ్యక్షురాలు పళ్ళ డాక్టరమ్మ. మూతపడ్డ టెలిఫోను ఎక్స్ఛేంజిలో రెండు గదులు అడిగి తీసుకుని, జనం ఇళ్ళలోంచి పాత సామాన్లు పోగుచేసి, దానికి మ్యూజియం అని పేరు పెట్టారు. ఆదివారం ఆదివారం తెరవాలి, వంతులవారీగా ఒక్కొక్కరు కూర్చోవాలి అనుకున్నారు. మొదటి నెల అలాగే జరిగింది. తర్వాత ఒకరికి మోకాళ్ళ నొప్పులు, ఒకరికి మనవడి పరీక్షలు, డాక్టరమ్మకి ఆదివారం పూటే ఎక్కువగా వచ్చే రోగులు. చివరికి ఎవరికి వారే యమునా తీరే అయి, తాళంచెవి డ్రాయింగు మాస్టారి జేబులో స్థిరపడింది.

మాస్టారు దానికి బాధపడినట్టే కనిపించేవారు. "నాకొక్కడికే పనీ పాటా లేదా?" అని మీటింగులో విసుక్కునేవారు కూడా. నిజానికి ఆయనకి పనీ లేదు, పాటా లేదు. ఉద్యోగమంతా హైస్కూలు పిల్లలకి కుండలూ అరటిపళ్ళూ గీయడం నేర్పి రిటైరయ్యారు. పిల్లల్లేరు. భార్య పోయాక ఇంట్లో మాట్లాడేది రేడియో ఒక్కటే, అది తన మాట చెబుతుందే గానీ ఎదుటివాడి మాట వినదు.

మ్యూజియంలో వస్తువుల పక్కన పెట్టిన చీటీలన్నీ ఆయన చేతిరాతే. అట్టముక్కల మీద నల్ల సిరాతో, అక్షరాలు అచ్చుపోసినట్టు ఉంటాయి. వస్తువు పేరు, దేనికి వాడేవారు, ఎవరిచ్చారు. చదివినవాడికి మళ్ళీ సందేహమనేది మిగలకూడదని ఆయన పట్టుదల. పట్టుదల నెగ్గింది. వచ్చినవాళ్ళు చీటీ చదివి, "ఓహో" అని, పక్క చీటీకి జరిగేవారు. గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న మనిషిని అడగడానికి ఏమీ ఉండేది కాదు. అన్నీ అయ్యాక "వస్తామండీ" అనేవారు. కొందరు అదీ అనేవారు కాదు.

ఒక్క వస్తువు దగ్గర మాత్రం అందరూ ఆగేవారు. అరచేయంత ఇనుప బిళ్ళ. చివర రెండుగా చీలిన పిడి మధ్యలో బిగించి ఉంటుంది. వేలితో తోస్తే గిర్రున తిరుగుతుంది. బిళ్ళ అంచున ఒకచోట చిన్న గాటు. పాత ఇల్లు పడగొడుతూ ఎవరో ఇచ్చిపోయారు. దాని పక్కన మాస్టారు రాసిపెట్టిన చీటీలో ఒకటే వాక్యం: "ఇదేమిటో తెలిసినవారు చెప్పగలరు."

తెలియనివాళ్ళే ఎక్కువ చెప్పేవారు. రొట్టెలు కోసేదన్నారు. దర్జీ గుడ్డమీద గీతలు వేసేదన్నారు. ఒకాయన కత్తులు సానపెట్టేదని పందెం కాశాడు. అక్కడ భార్యాభర్తలు వాదించుకునేవారు, తీర్పు కోసం మాస్టారి వైపు తిరిగేవారు. అప్పుడు ఆయన కుర్చీలోంచి లేచి వెళ్ళేవారు. ఆ కాసేపు కోసమే ఆయన ఇస్త్రీ చొక్కా ఆదివారానికి అట్టేపెట్టుకునేవారు.

అదేమిటో ఆయనకి తెలుసు.

ఒకసారి మేనకోడలు ఇల్లు మారిందంటే చూడ్డానికి వేరే ఊరు వెళ్ళి, అలవాటు కొద్దీ అక్కడి మ్యూజియంలో దూరారు. అద్దాల పెట్టెలో దాని తోబుట్టువు కనిపించింది. బండి చక్రాలు చేసేవాళ్ళ కొలత బిళ్ళ అది. కర్ర చక్రం అంచు చుట్టూ దాన్ని దొర్లించి, గాటు ఎన్నిసార్లు పైకొచ్చిందో లెక్కపెడతారు. అదే లెక్కకి ఇనుప పట్టా మీద దొర్లించి, ఒక పిసరు తక్కువగా కోస్తారు. పట్టాని ఎర్రగా కాల్చి చక్రానికి తొడిగి నీళ్ళు పోస్తే, అది బిగుసుకుని చక్రాన్ని పట్టేస్తుంది. మాస్టారు సంబరంగా తిరిగొచ్చి, ఇదంతా చక్కగా చీటీ రాసి, ఆదివారం పెట్టబోతుంటే ఎవరో దంపతులు లోపలికొచ్చి "ఇదేంటండీ?" అన్నారు. మాస్టారు చీటీ జేబులో వేసుకుని, "మీరేమనుకుంటున్నారు?" అన్నారు. వాళ్ళు చాలాసేపు ఉన్నారు. ఇంటికెళ్ళి ఆయన ఆ చీటీ చింపేశారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి కండక్టరు వచ్చాడు. రిటైరైన బస్సు కండక్టరు. ఊళ్ళో సగం మందిని ఒకప్పుడు ఫుట్‌బోర్డు మీంచి లోపలికి తోసినవాడు. ఆ ఇనుప బిళ్ళ దగ్గర చాలాసేపు నిలబడి, వేలితో నుదురు తట్టుకున్నాడు.

"దీన్ని నేనెక్కడో చూశాను మాస్టారూ. ఇదిగో ఇక్కడే ఉంది. బయటికి రానంటోంది."

"నెమ్మదిగా రానివ్వండి. తొందరేముంది?"

మరుసటి ఆదివారం మళ్ళీ వచ్చాడు, నేత మగ్గం సామానేమో అంటూ. ఆ పైవారం తాళ్ళు పేనే యంత్రంలోదన్నాడు. "కాదేమోనండీ" అనడం మాస్టారికి అలవాటైంది. ఫ్లాస్కులో టీ ఇద్దరికి సరిపడా తేవడమూ అలవాటైంది. కండక్టరు కూర్చునేవాడు కాదు. ద్వారబంధం పట్టుకుని నిలబడి, ఎవరైనా వస్తే "లోపలికి జరగండి, లోపల ఖాళీ ఉంది" అనేవాడు. జనం నిజంగానే జరిగేవారు. బస్సు కథలు చెప్పేవాడు. ఒకసారి చెప్పినదే మళ్ళీ చెప్పేవాడు కూడా. మాస్టారు మొదటిసారి విన్నట్టే వినేవారు. ఆయనకి అది మరో టీ కప్పు తాగినట్టుండేది. ఎందుకు రెండోసారి చెబుతున్నాడన్న ఆలోచన మాత్రం రాలేదు. ఆకలిగా ఉన్నవాడు వడ్డించినవాడి మొహం చూడడు.

అలా ఏడాది గడిచింది. ఒక ఆదివారం మాస్టారు తాళం తీస్తుండగానే కండక్టరు మెట్లెక్కి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"దొరికింది మాస్టారూ. మా పెదనాన్నది బళ్ళపని. చిన్నప్పుడు సెలవులకి వెళితే ఆయన కొలిమి దగ్గరే కూర్చునేవాణ్ణి. ఇది చక్రం కొలిచేది." బిళ్ళని చేతిలోకి తీసుకుని బొటనవేలు గాటుమీద పెట్టాడు. "ఈ గాటు పైకొస్తే ఒకటి. ఆయన దొర్లిస్తుంటే నేను లెక్కపెట్టేవాణ్ణి. లెక్క తప్పితే నెత్తిమీద మొట్టేవాడు."

మాస్టారు ఆ బొటనవేలి వైపు చూశారు. ఆయనకి కనిపించింది చక్రమూ కాదు, కొలిమీ కాదు. వచ్చే ఆదివారం కనిపించింది.

"కాదండీ," అన్నారు.

"కాదా?"

"కాదు. ఆ పనివాళ్ళని ఇదివరకే అడిగాం. కాదన్నారు."

అబద్ధానికి వెంటనే తోడు దొరుకుతుంది, మనుషులకే దొరకదు. కండక్టరు బిళ్ళని జాగ్రత్తగా ఎక్కడిదక్కడ పెట్టాడు.

"నాకు బాగా గుర్తుందే," అన్నాడు. "ఆ మొట్టికాయ కూడా గుర్తుంది."

టీ తాగకుండానే వెళ్ళిపోయాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. మాస్టారు నోరు జారలేదు, తెలిసే అన్నారు. వెనక్కి పిలుద్దామని గుమ్మం దాకా వెళ్ళి, వచ్చేవారం చెప్పొచ్చులే అనుకున్నారు.

వచ్చేవారం కండక్టరు రాలేదు. ఆ పైవారమూ రాలేదు. మూడో ఆదివారం మాస్టారు తలుపులు ముందే మూసేసి, అడుగుతూ అడుగుతూ అతని ఇల్లు పట్టుకున్నారు. తలుపు తీసింది కూతురు.

"మ్యూజియం మాస్టారు మీరేనా? రండి బాబాయ్ గారూ," అని వరండాలోనే కుర్చీ వేసి, గొంతు తగ్గించింది. "నాన్నకి మతిమరుపు మొదలైందండీ, ఏడాది పైనే అయింది. మీ దగ్గరున్న ఆ వస్తువంటే ఆయనకో పట్టింపు. అది గుర్తొస్తే నా బుర్ర ఇంకా బాగున్నట్టే అనేవాడు. ఆ రోజు పొద్దున్న గుర్తొచ్చిందని ఎంత సంబరపడ్డాడో. తిరిగొచ్చి, కాదటమ్మా అన్నాడు. అప్పట్నుంచీ దేన్నీ నమ్మడం లేదు. బాత్రూము ఎటో తెలుసు, అయినా నన్నడిగి వెళ్తాడు. నా పేరు తెలుసు. పిలవబోయి ఆగిపోతాడు, తప్పేమోనని."

మాస్టారికి తన మీద తనకే అసహ్యం వేసింది. లేచి వెళ్ళిపోదామనిపించింది. వెళ్ళకుండా లోపలికి నడిచినందుకు మాత్రం ఆయన్ని మెచ్చుకోవాలి. కండక్టరు కిటికీ దగ్గర మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"మీరు చెప్పింది నిజమేనండీ," అన్నారు మాస్టారు, నిలబడే. "అది చక్రం కొలిచేదే. నాకు ముందే తెలుసు. వేరే మ్యూజియంలో చూశాను. తెలిసే కాదన్నాను."

కండక్టరు కూతురి వైపు చూశాడు. "అమ్మాయి చెప్పిందా, నా సంగతి?"

"చెప్పింది. కానీ దానికోసం కాదు నేననేది."

"మరి ఆ రోజెందుకు కాదన్నారు?"

ఈ ప్రశ్నకి జవాబు మాస్టారు ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, తనకి కూడా పూర్తిగా చెప్పుకోలేదు. "అవునంటే మీరింక రారని," అన్నారు.

కండక్టరు నవ్వాడు. చాలా రోజులకి నవ్వాడని కూతురు తర్వాత చెప్పింది. "మాస్టారూ, టిక్కెట్టు తీయనివాళ్ళ కథలు ఉద్యోగమంతా విన్నవాణ్ణి. ఒక మనిషి ఆదివారం పూట వచ్చి టీ తాగి పోతాడని ఎవరైనా అబద్ధమాడతారా? చెప్తే కాస్త నమ్మేటట్టు చెప్పాలండీ."

మాస్టారు ఒట్టేసి చెప్పారు. కండక్టరు "సరే సరే" అన్నాడు, పసిపిల్లల్ని ఊరుకోబెట్టినట్టు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మాస్టారు సంఘాన్ని సమావేశపరిచారు. అదేమిటో ఏడాదికి పైగా తెలుసుననీ, కావాలనే దాచాననీ, కండక్టరు సరిగ్గా చెప్పినా కాదన్నాననీ చెప్పారు. చీవాట్లు పడతాయని సిద్ధపడే వెళ్ళారు. చెప్పాలంటే, ఆశపడే వెళ్ళారు. డాక్టరమ్మ ఫోను చూసుకుంటూ, "పోనీలెండి మాస్టారూ, ఇప్పుడు పెట్టేద్దాం. ఆ కండక్టరుగారే చెప్పినట్టు చీటీలో రాయండి, పెద్దాయన సంతోషిస్తాడు," అంది. అందరూ బాగుందన్నారు. ఎందుకు దాచావని ఒక్కరూ అడగలేదు. వచ్చే ఆదివారం ఎవరు కూర్చుంటారనే ప్రసక్తి వచ్చేసరికి అందరికీ ఇంటిదగ్గర పనులు గుర్తొచ్చాయి.

మాస్టారు తర్వాతి రెండు రోజులూ చీటీ రాశారు, చింపారు, మళ్ళీ రాశారు. చివరి వరుసలో "ఈ సంగతి గుర్తుచేసినవారు: మన ఊరి బస్సు కండక్టరు గారు" అని, మిగతా వాటికంటే కాస్త పెద్ద అక్షరాల్లో రాశారు. వడ్రంగి దుకాణంలో మూల పడున్న పాత బండి చక్రం ఒకటి బతిమాలి తెచ్చి గోడకి ఆనించారు.

ఆదివారం కూతురు తండ్రిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. కండక్టరు ద్వారబంధం దగ్గర ఆగలేదు. కుర్చీ చూపిస్తే కూర్చున్నాడు. అప్పటికే లోపలున్న ఒక కుటుంబం కొత్త చీటీ చదివి, "ఓహో, చక్రాలదా" అని ముందుకెళ్ళిపోయింది. కండక్టరు చీటీ తీసుకుని కూడబలుక్కుంటూ పైకి చదివాడు. మాస్టారు చక్రాన్ని పట్టుకుని, వంగి, దాని అంచు చుట్టూ బిళ్ళని దొర్లించారు. గాటు పైకొచ్చినప్పుడల్లా ఆగి అతని మొహంలోకి చూశారు. అతను లెక్కపెడతాడేమోనని ఆశ.

"గుండ్రంగా ఉన్నది దేనిమీదైనా దొర్లుతుంది కదండీ," అన్నాడు కండక్టరు మెల్లగా.

"నాన్నా, చూడు, నిన్ను కూడా రాశారు," అంది కూతురు.

"చూశానమ్మా. చాలా బాగా రాశారు."

కూతురు ఫ్లాస్కు తీసుకుని టీ పోయడానికి పక్కగదిలోకి వెళ్ళింది. ఆమె అటు తిరగ్గానే కండక్టరు మాస్టారి చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగాడు.

"మీరు మంచివారు మాస్టారూ. నా ఒక్కడికోసం ఇంత చేశారు, ఆ చక్రం కూడా మోసుకొచ్చారు. అమ్మాయి సంతోషిస్తోంది, నేనూ ఏమీ అనను. కానీ ఒక్కమాట. నా బుర్రకి ఇంక అందదు. అసలు అదేమిటో ఎప్పటికైనా తెలిస్తే, నాకొక్కడికి చెప్పండి. ఎవరితోనూ అనను."

మాస్టారి దగ్గర ఉన్న నిజం ఒక్కటే, అది అప్పటికే చాలాసార్లు చెప్పేశారు. కండక్టరు చెయ్యి వదల్లేదు, జవాబు కోసం చూస్తున్నాడు.

"తప్పకుండా చెప్తానండీ," అన్నారు మాస్టారు.