నూటపది డెనియర్ల నలుపు

"చర్మం కనిపించాలి," అంది అత్తగారు ఫుసాకో. కొత్త ప్యాకెట్టు చింపి, పల్చటి నల్ల మేజోడులోకి పిడికిలి దూర్చి, వేళ్ళు విప్పి కిటికీ వెలుగుకి ఎదురుగా పట్టుకుంది. పొగ వెనక ఉన్నట్టు ఆవిడ చెయ్యి, చేతి మీది గోధుమరంగు మచ్చలు, పెళ్ళి ఉంగరం అన్నీ కనిపించాయి. "ఇదిగో, ఇలా. ఇరవై డెనియర్లు. చావు దగ్గర ఇంతకంటే మందం వేసుకుంటే, ఈ కోడలికి మర్యాద నేర్పినవాళ్ళు లేరా అంటారు. రెండు జతలు తెచ్చాను. ఒకటి చీలికపడితే ఇంకోటి ఉంటుంది. ఇలాంటివి నీకు గుర్తుండవుగా."

చిగుసా రెండు చేతులతో అందుకుంది. థాంక్స్ కూడా చెప్పింది. అది అంత్యక్రియల హాలు. పక్క గదిలో, తెల్ల చెక్క పెట్టెలో, ఆమె తల్లి కినుయో పడుకుని ఉంది. ఉత్తర జపానులోని ఆ కుజి రేవులో నిన్నటి నుంచి ఆగకుండా మంచు పడుతోంది. మొరియోకా నుంచి రెండున్నర గంటలు కారులో వచ్చిన చిగుసా కాళ్ళకి ఎనభై డెనియర్ల టైట్స్ ఉన్నాయి. అంకె పెరిగేకొద్దీ నేత చిక్కబడుతుంది. ఎనభైలో చర్మం కనిపించదు. ఆమె మూలకు తిరిగి, వాటిని తొక్కలా ఒలిచేసి, అత్తగారి మర్యాదను తొడుక్కుంది.

తల్లి పెట్టే పరీక్ష దీనికి పూర్తిగా తలకిందులుగా ఉండేది. చిగుసా హైస్కూల్లో చేరిన ఏడాది రేవు పక్క బట్టల కొట్టుకు తీసుకెళ్ళింది. అక్కడ ఒక్కో మందానికీ ఒక్కో నమూనా ముక్క తాడుకు వేలాడగట్టి ఉండేది. కినుయో స్క్విడ్ షెడ్డులో పని చేసేది. రోజుకు పది గంటలు, మంచునీళ్ళలో చేతులు పెట్టి, స్క్విడ్ అనే సముద్రపు జీవుల కడుపులు చీల్చి లోపలిది లాగేసే పని. వేళ్ళ నిండా పగుళ్ళు. "నా చెయ్యి పెడితే దారం లేస్తుంది, కొట్టతను అరుస్తాడు. నీ చెయ్యి పెట్టవే," అనేది. చిగుసా పెట్టేది. తల్లి ఆ చేతిని గుమ్మం దగ్గరికి లాక్కెళ్ళి వెలుగులో తిప్పి చూసేది. "కనిపిస్తోంది. ఇది అక్టోబరుకి." ఇంకో ముక్క. "ఊఁ, ఇంకా కనిపిస్తోంది. ఇది నవంబరుకి." చివరికి చెయ్యి మాయమైపోయి, నల్లటి ఆకారం ఒక్కటే మిగిలేది. "ఆఁ, ఇదీ! ఇది జనవరికి. ఆడదానికి కాళ్ళు చల్లబడ్డాయంటే పొత్తికడుపు దాకా పాకుతుంది. నెలనెలా ఏడ్చేది నువ్వే, ఆ కొట్టతను కాదు."

ఇంటికొచ్చి తొడుక్కుని అద్దం ముందు నిలబడితే, తన కాళ్ళని చూసి చిగుసాకే ఆశ్చర్యం వేసింది. సిరా నిండా ముంచిన కుంచెతో పై నుంచి కిందికి ఒక్క గీత లాగినట్టున్నాయి. ఎక్కడా వంకర లేదు, మోకాలి మచ్చ లేదు. వెచ్చదనమూ అందమూ ఒకే బట్టలో ఉండొచ్చని ఆమెకు తెలిసిన రోజది. తర్వాత పాతికేళ్ళు ఆ సంగతి మరిచిపోవడానికే సరిపోయాయి. పెళ్ళైన మొదటి చలికాలం, బూడిదరంగు ఉన్ని స్కర్టు కింద నూటపది వేసుకుని గదిలోంచి వస్తే, భర్త తకెహిరో పేపరు దించి, "ఏంటవి, మా నానమ్మలా? చూడ్డానికి కాస్త ఉండాలి కదా," అన్నాడు. కోపంగా కాదు, నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వుకే ఆమె వెనక్కి వెళ్ళి నలభైవి మార్చుకుంది. అప్పటినుంచి ఆమె అలమారా సొరుగులో చలికి ఒక వరస ఏర్పడింది. పెళ్ళిళ్ళకీ చావులకీ ఇరవై. భర్త పక్కన నడిచేటప్పుడు నలభై. బడికి ఎనభై. ప్యాంటు కింద, ఎవరికీ కనిపించనప్పుడు నూటపది. తన కాళ్ళ కోసం తను ఎంచుకున్నది ఆ సొరుగులో అట్టడుగున ఉండేది.

తల్లిని సాగనంపే వేళైంది. కుజిలో ముందు దహనం, ఆ తర్వాతే కర్మ. శవవాహనం హాలు ముందుకొచ్చింది. పోయినవాళ్ళ బంధువులు కోట్లు విప్పి ఆరుబయట వరసగా నిలబడి వచ్చినవాళ్ళకి వంగి నమస్కరించాలి. చిగుసా ఒక్కతే కూతురు. అయినా కర్త తకెహిరో. "మైకు పట్టుకుని ఏడిస్తే బావుండదు. వాడు మాట్లాడతాడులే," అని ఫుసాకో ముందురోజే తేల్చేసింది. తకెహిరో కాగితం చూసి చదివాడు. "మా అత్తగారు ఇల్లే లోకంగా బతికిన మనిషి. ఎవరికీ కష్టం కలిగించకుండా, నెమ్మదిగా..."

వెనక వరసలో స్క్విడ్ షెడ్డు ఆడవాళ్ళు ఆరుగురు నిలబడ్డారు. వాళ్ళలో పెద్దది తొమి పక్కావిడతో అన్న మాట అందరికీ వినిపించింది. "ఇల్లే లోకమా? మరి ముప్పై ఎనిమిదేళ్ళు నా పక్కన నిలబడి ఫోర్‌మన్‌ని బూతులు తిట్టింది ఎవరమ్మా, దయ్యమా?"

ఎవరో నవ్వాపుకున్నారు. చిగుసాకూ నవ్వు రావలసింది. రాలేదు, ఎందుకంటే అప్పటికే ఆమెకు మోకాళ్ళ కింద కాళ్ళు ఉన్నట్టు తెలియడం లేదు. చలి చీలమండల్లో మొదలై, పిక్కల్లోంచి ఎక్కి, తొడల లోపలి వైపు సూదుల్లా గుచ్చి, పొత్తికడుపులో గడ్డకట్టింది. పల్చటి మేజోడు మీద మంచు పడి కరిగి చర్మానికి అంటుకుంది. పెట్టెను బండిలోకి ఎక్కించారు. తలుపు మూశారు. డ్రైవరు హారను మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే ఉంచాడు. పోయిన మనిషికి లోకం చెప్పే చివరి మాట ఆ హారను. ఆ కూత ఉన్నంతసేపూ చిగుసా తలలో ఉన్నది ఒకటే: ఇది ఎప్పుడు అయిపోతుంది, లోపలికి ఎప్పుడు వెళ్ళొచ్చు.

కూత ఆగాక తెలిసింది ఆమెకి, తనేం తలుచుకుందో.

తొమి దగ్గరికొచ్చి భుజం పట్టుకుంది. "కాళ్ళేంటే పిల్లా, నీలమెక్కాయి? కినుయో చూస్తే మనిద్దర్నీ తిట్టేది."

తల్లి పోయిన రోజు గొడవ కూడా ఇలాంటి బట్ట గురించే. నవంబరు ఇరవై ఏడు. చిగుసా పనిచేసే మిడిల్ స్కూల్లో ఆడపిల్లలు డిసెంబరు ఒకటి నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా మాత్రమే టైట్స్ వేసుకోవాలి. మిగతా రోజుల్లో తెల్ల సాక్సులు, మోకాళ్ళు బయటికి. ఈ నియమం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. గేటు దగ్గర నిలబడి అమలు చేసే పని మాత్రం ఎప్పుడూ ఆడ టీచర్లదే, "మేం ఆడపిల్లల కాళ్ళు చూస్తే బావుండదు కదా మేడం" అనేవాడు వైస్ ప్రిన్సిపాల్ ఒగసవార సార్. ఆ ఉదయం గేటు దగ్గర చిగుసా చేతిలో రిజిస్టరు ఉంది. ఫోను స్టాఫ్ రూములో ఉంది. డ్యూటీలో ఫోను ఉండకూడదు. రెండో సంవత్సరం పిల్ల హొనామి నల్ల టైట్స్‌లో వచ్చింది.

"ఇంకా నాలుగు రోజులుంది హొనామి."

"తెలుసు టీచర్. ఇవ్వాళొక్కరోజు..."

"ఒక్కరోజని అందరూ అంటారు. వెళ్ళి విప్పేసి రా."

ఆ పిల్ల నర్సు గదిలోకి వెళ్ళి, విప్పి, చుట్టి సంచిలో పెట్టుకుని, ఎర్రబడ్డ మోకాళ్ళతో తిరిగొచ్చేదాకా చిగుసా అక్కడే నిలబడింది. రిజిస్టరులో రాసింది. ఆమె దస్తూరి చాలా బాగుంటుంది. స్టాఫ్ రూముకి వచ్చి ఫోను తీస్తే ఏడూ యాభై రెండుకి తల్లి చేసిన కాల్ ఉంది. ఒక మాట రికార్డయి ఉంది. "చిగుసా, నేనే. ఏం లేదులే, ఊరికే చేశా. పనిలో ఉన్నట్టున్నావు." మధ్యాహ్నం చేద్దామనుకుంది. మధ్యాహ్నానికి కుజి ఆసుపత్రి వాళ్ళే చేశారు.

కర్మ ముగించుకుని ఇల్లు చేరేసరికి వరండాలో మంచు పట్టిన పార్సిలు ఒకటి ఉంది. "మీ అమ్మ పంపిందే. మనం బయల్దేరిన రోజే వచ్చింది," అంది ఫుసాకో చెప్పులు విప్పుతూ. "ఎండు స్క్విడ్ అనుకుంటా, వాసన. ఇంట్లో ఎందుకని బయటే ఉంచాను." తాడు విప్పితే నిజంగానే పైన ఎండు స్క్విడ్. దాని కింద మూడు జతల నల్ల టైట్స్, నూటపది డెనియర్లు. ఒక ప్యాకెట్టు ముందే తెరిచి జాగ్రత్తగా మళ్ళీ మడిచి ఉంది. దానిమీద క్యాలెండరు కాగితం వెనకవైపు రాసిన నాలుగు ముక్కలు:

"ఈసారి నా చెయ్యే పెట్టి చూశాను. పని మానేశాక గరుకు తగ్గింది, దారం లేవలేదు. చెయ్యి కనిపించలేదు. దాచకుండా వేసుకో."

చిగుసా ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. రాత్రి భోజనానికి ముగ్గురికీ కూర చేసింది. మర్నాడు అత్తగారి మందులు తెచ్చింది. ఏడవడానికి వీలైన గంట ఏదీ ఆ ఇంటి రోజులో లేదు. ఉన్నా ఏడుపు వచ్చేలా లేదు. తల్లిని తలుచుకోబోతే ముందు ఆ హారను వినిపించేది, వెంటనే కాళ్ళు చల్లబడేవి.

డిసెంబరులో బడికి వెళ్ళిన రోజు హొనామి మెట్ల దగ్గర ఆగింది. ఇప్పుడు టైట్స్‌లోనే ఉంది, తారీఖు వచ్చేసింది కనక. "టీచర్, మీ అమ్మగారి గురించి చెప్పారు. బాధేసింది," అని వంగింది. వెళ్ళబోయి ఆగి, "ఆ రోజు నాకు కడుపునొప్పి టీచర్. నెలసరి. వద్దంటున్నా మా అమ్మే వేసి పంపింది. నేను చెప్పలేదు, గేటు దగ్గర మగపిల్లలున్నారని," అంది. నిష్ఠూరంగా కూడా అనలేదు. హోంవర్కు ఎందుకు తేలేదో చెప్పినట్టు చెప్పింది. చిగుసా ముప్పై మందికి రోజూ మాటలు నేర్పే మనిషి. "ఇప్పుడు తగ్గిందా?" అని మాత్రం అడగగలిగింది. ఎప్పుడో తగ్గిపోయింది.

జనవరి పద్నాలుగు, తల్లి పోయిన నలభై తొమ్మిదో రోజు, పెద్ద కర్మ చేసే రోజు. కుజి గుడిలో కార్యం. బయల్దేరే ముందు ఫుసాకో కొత్త ప్యాకెట్టుతో గది గుమ్మంలోకి వచ్చింది. చిగుసా అప్పటికే తయారై ఉంది. నల్ల దుస్తుల కింద నూటపది డెనియర్ల నలుపు, కుంచె గీతలా.

ఫుసాకో చూపు కిందికి దిగి అక్కడే ఆగింది. "ఏంటిది? చర్మం కనిపించట్లేదు."

"అవునత్తయ్యా, కనిపించదు."

"పూజారి చూస్తాడు. వచ్చినవాళ్ళు చూస్తారు. పోయినావిడకి అవమానం."

"పోయినావిడే కొని పంపింది. చెయ్యి పెట్టి చూసి మరీ పంపింది."

తకెహిరో టై ముడి వేసుకుంటూ తల తిప్పాడు. "ఒక్క పూటే కదా చిగుసా, అమ్మ చెప్పినట్టు వేసుకుంటే పోయేదేముంది?"

"పోయిందండీ," అంది చిగుసా. "పోయినసారి పోయింది. ఈసారి మీరు కాగితం కూడా రాసుకోకండి. నేను మాట్లాడతాను."

గుడిలో మందిరం తలుపులన్నీ తెరిచి ఉన్నాయి. చలి కాచుకునే కిరోసిన్ పొయ్యి పూజారి వైపే ఉంది. చిగుసా మోకాళ్ళు మడిచి కూర్చుంది. గంట మోగింది. మంత్రాలు మొదలయ్యాయి. నేల చలి వచ్చింది, బట్ట దాకా వచ్చి ఆగింది. ఆ గంటసేపూ ఆమెకు తన కాళ్ళు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. అమ్మ గుర్తొచ్చింది. కొట్టు గుమ్మంలో తన చెయ్యి పట్టుకుని వెలుగులో తిప్పిన పగుళ్ళ చెయ్యి. పని మానేశాక కాస్త నునుపెక్కిన చెయ్యి, ఒంటరిగా వంటగది దీపం కింద నల్ల బట్టలోకి దూరి, కనిపించకుండా పోయిన చెయ్యి. యాభై రోజులుగా రానిది అప్పుడు వచ్చింది. ఆపడానికి ఆమె ప్రయత్నించలేదు. వెనకనుంచి తొమి ఒక తువ్వాలు అందించింది, దానికి ఉప్పు వాసన. తర్వాత చిగుసా లేచి, కాగితం లేకుండా, తన తల్లి ముప్పై ఎనిమిదేళ్ళు స్క్విడ్ చీల్చిందని, ఫోర్‌మన్‌ని తిట్టేదని, మంచునీళ్ళలో చేతులు పెట్టి తనను చదివించిందని చెప్పింది. ఫుసాకో ఆ సేపంతా కోడలి కాళ్ళవైపే చూస్తూ కూర్చుంది.

మార్చి ఒకటిన మొరియోకాలో మళ్ళీ మంచు పడింది. తారీఖు మారింది కనక టైట్స్ గడువు తీరింది. గేటు డ్యూటీ చిగుసాదే. పిల్లలు కొందరు తెల్ల సాక్సుల్లో, మోకాళ్ళు ఎర్రగా కందిపోయి వస్తున్నారు. హొనామి గేటు దాకా వచ్చి, ఆమెను చూసి ఆగిపోయింది. కాళ్ళకి నల్ల టైట్స్.

"టీచర్, ఇవ్వాళ ఒకటో తారీఖు కదా? మర్చిపోయాను. విప్పేసి రానా?"

"చలేస్తోందా?"

"వేస్తోంది."

"అయితే లోపలికి పద. రేపు కూడా వేసుకో. మిగతావాళ్ళకీ చెప్పు, నేను చెప్పానని."

వరండాలోంచి ఒగసవార సార్ గొడుగు కింద గబగబా వస్తున్నాడు. "మేడం, ఆ అమ్మాయి పేరు రాశారా? రిజిస్టరు ఏదీ?"

రిజిస్టరు స్టాఫ్ రూములో ఉంది. ఆమె కోటు జేబులో ఫోను ఉంది, ఇక అమ్మ చెయ్యని ఫోను.