బాదుషా, ఇరవై ఎనిమిది స్తంభాలు

తెల్లాపూర్‌లోని ఒక గేటెడ్ కమ్యూనిటీలో కుక్కలను తిప్పే ఎల్లేశం మాటలు వినాలంటే ముందు కుర్చీని గట్టిగా పట్టుకోవాలి. తను తిప్పే బుల్లి పొమరేనియన్‌ను చూసి ఒక చిరుతపులి జడిసి, దారి మార్చుకుని గోపన్‌పల్లి మీదుగా పోయిందని ఒకసారి చెప్పాడు. విన్నవాళ్ళు నవ్వి, చాయ్ తాగించారు.

ఈమధ్య అతని గొప్పలన్నీ బాదుషా గురించే. కాకినాడ నుంచి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఉమాశ్రీ పెంచుకునే మచ్చల డాల్మేషియన్ అది. ప్రహరీ వెనక రోడ్డు పొడుగునా ఇరవై ఎనిమిది దీపస్తంభాలున్నాయి. మామూలు కుక్క అయిదారింటి దగ్గర కాలెత్తి ఊరుకుంటుంది. బాదుషా ఒక్కటీ వదలడం లేదు.

"మావోని కడుపుల మంజీరా నీళ్ళ పైపు ఉన్నది. ఇగ మీకు ట్యాంకర్ ఎందుకు?" అని ఎల్లేశం వాచ్‌మెన్ల ముందు మీసం దువ్వేవాడు.

అదే వారం బాదుషా హాల్లో రెండుసార్లు చుక్కలు చుక్కలుగా పోసింది. ఉమాశ్రీ నీళ్ళ గిన్నె ఎత్తున పెట్టేసి, పూటకో గ్లాసు చాలంది. కడుపులో పైపే ఉన్న కుక్కకు అదే ఎక్కువని ఎల్లేశం కూడా తలూపాడు.

గురువారం పొద్దున పందొమ్మిదో స్తంభం దగ్గర బాదుషా కాలెత్తింది, నడుం వంచి ముక్కింది, సన్నగా మూలిగింది. చాలాసేపు అలాగే నిలబడింది. ఎల్లేశం చూపు కిందికి పోయింది. పక్కన లేస్తున్న టవర్ల సిమెంటు దుమ్ము స్తంభం మొదట్లో పిండిలా పరుచుకుని ఉంది. దాని మీద తడి లేదు. వెనక్కి నడిచి పద్దెనిమిది, పదిహేడు, పదహారు చూశాడు. అన్నీ పొడి. మొదటిదాని దగ్గర మాత్రం రెండు చుక్కలు, ఎర్రగా.

వారం రోజులుగా తను ఆ కుక్క నొప్పిని లెక్కపెట్టుకుంటూ మురిసిపోయాడు.

ఫ్లాట్‌కు పరుగెత్తాడు. అతన్ని చూడగానే ఉమాశ్రీకి నవ్వొచ్చింది. "ఏంటి ఎల్లేశంగారూ, ఇవాళ ఏ చెరువు నింపాడండి మీవాడు?"

"ఉచ్చ వస్తలేదు మేడం. ముక్కుతుండు. రెండు చుక్కలు రక్తం పడ్డది."

మిగతా కథ కోసం ఆమె ఆగింది. "ఇంకా?"

"ఇంకేం లేదు."

మూడేళ్ళలో ఎల్లేశం కథ ఇంత తొందరగా అయిపోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. ల్యాప్‌టాప్ మూసేసి కారు తాళాలు అందుకుంది.

పశువుల దవాఖానలో డాక్టర్ ప్రిస్కిల్లా బాదుషా పొట్ట కింద నొక్కి చూసింది. బంతిలా గట్టిగా ఉంది. మూత్రం దారిలో రాళ్ళు అడ్డుపడ్డాయని, ఈ జాతి మగ కుక్కల్లో ఇది ఎక్కువని, ఇంకో రోజు ఆగితే ప్రాణం మీదికి వచ్చేదని చెప్పింది. సన్నటి గొట్టం పెట్టి మూత్రం తీసింది. మర్నాడు ఆపరేషన్ చేసి రాళ్ళు తీసింది. నీళ్ళు ఎప్పుడూ తగ్గించొద్దంది. మాటిమాటికీ కాలెత్తి చుక్కలే పోస్తుంటే వెంటనే చూపించాలంది, అసలు రాకపోతే గంట కూడా ఆగొద్దంది. ఉమాశ్రీ తల వంచుకుంది. ఎల్లేశం ఇంకా కిందికి వంచుకున్నాడు.

ఇంట్లో నీళ్ళ గిన్నెలు మూడయ్యాయి. కుట్లు విప్పిన మర్నాడు ఉమాశ్రీ కూడా వాళ్ళ వెంట నడిచింది. మొదటి స్తంభం దగ్గర బాదుషా కాలెత్తింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. దుమ్ములో గుంట పడింది, పాయ కట్టింది, రోడ్డు అంచు దాకా పారింది. రెండో స్తంభాన్ని ఊరికే వాసన చూసి బాదుషా ముందుకు సాగింది.

కళ్ళు తుడుచుకుని ఉమాశ్రీ అడిగింది. "ఎంత దూరం పోయిందంటారు?"

ఎల్లేశం మీసం సర్దుకున్నాడు. "కొల్లూరు దాంక పోయింది మేడం. ఆడ నాట్లేస్తున్నరట."

"నేనూ చూశాగా," అంది ఉమాశ్రీ. "కొల్లూరు దాటేసిందండి."