పుస్తకంలో ఇద్దరు

ఆ రోజు పొద్దున ఏడుంబావుకి లైన్‌మన్ బాబాయి సబ్‌స్టేషన్‌కి వచ్చినప్పుడు అతని వెనక ఇద్దరున్నారు. ఒకడు పొట్టోడు, మా డిపార్ట్‌మెంటు హెల్పరు. ఇంకొకడు బాబాయి బావమరిది. పొట్టోడు చెప్పులు విడిచి కంట్రోల్ రూములోకి వచ్చాడు. బావమరిది రాలేదు. ఎప్పటిలాగే గేటు బయట గోడ పక్కన తాడు చుట్ట మీద కూర్చున్నాడు.

"ఎంతమంది బాబాయ్?" అని అడిగాను. అడగాలని రూలు.

"ఇద్దరం తల్లీ."

కిటికీలోంచి మూడోవాడి వీపు కనిపిస్తూనే ఉంది. ఇద్దరు అని రాశాను.

ఆ పుస్తకం గురించి కొంచెం చెప్పాలి. తీగల మీద పనిచేసేవాడు ముందు మా దగ్గరికి వచ్చి లైన్ క్లియర్, అంటే ఎల్.సి., తీసుకుంటాడు. మేం ఆ లైనుకి కరెంటు ఆపి, స్విచ్చికి తాళం వేసి, అతని పేరు, మనుషుల సంఖ్య, టైము రాసి సంతకం పెట్టించుకుంటాం. పని అయ్యాక ఆ మనిషే వచ్చి గానీ ఫోనులో గానీ లైన్ తిరిగి ఇస్తున్నానని చెప్పాలి. అతని తోడల్లుడు చెప్పినా చెల్లదు, మంత్రి చెప్పినా చెల్లదు. పైన ఎవరున్నారో, ఎవరు దిగారో తెలిసినవాడు అతనొక్కడే. నా దస్తూరీ గుండ్రంగా ఉంటుందని పెద్దాయన ఆ పుస్తకం నాకు అప్పగించాడు. పెద్దాయన మా షిఫ్టు ఇన్‌ఛార్జి. రిటైరవడానికి అప్పటికి ఏడు నెలలుంది.

బావమరిదిని ఎందుకు లెక్కలో రాయకూడదో కూడా చెప్పాలి. వాళ్ళు కొండవాళ్ళు. మాకు కరెంటు వచ్చేది వాళ్ళ కొండల్లో కట్టిన డ్యాము నుంచి. ఆ నీళ్ళలో వాళ్ళ ఊళ్ళు పదకొండు మునిగాయి. మిగిలిన ఊళ్ళ మీదుగా తీగలు మైదానానికి దిగాయి గానీ, అక్కడ ఒక్క బల్బూ వెలగలేదు. బాబాయి ఇంట్లో ఇప్పటికీ కిరసనాయిలు బుడ్డే. దీపం కింద చీకటి అని పెద్దాయన అంటుండేవాడు. దొరలు వెళ్ళిపోయిన కొత్తలో కొండవాళ్ళు కూడా అందరితో పాటు జెండా ఎగరేశారట. తర్వాత కొందరు మీ దేశం మాకొద్దు, మా రాజ్యం మాకిచ్చేయండి అన్నారు. ఊరేగింపులు చేశారు, రాళ్ళు వేశారు, రెండు నెలల క్రితం ఒక టవరు పేల్చారు. అప్పటినుంచీ పోలీసు ముద్ర ఉన్న గుర్తింపు కార్డు లేని కొండ కుర్రాడెవడైనా టవరుకి అరమైలు లోపల కనిపిస్తే పట్టుకుపోవచ్చని ఉత్తర్వు.

బాబాయిది ఇరవయ్యేళ్ళ సర్వీసు కాబట్టి కార్డు ఇచ్చారు. బావమరిదికి ఇవ్వలేదు. కానీ ఏటి దగ్గరి టవర్ల పని ఇద్దరితో అయ్యేది కాదు. ఇంకో మనిషిని ఇవ్వండని బాబాయి మూడుసార్లు అర్జీ పెట్టాడు, ఇవ్వలేదు. ముగ్గురు వెళ్ళడం, ఇద్దరని రాయడం అలవాటైపోయింది. మా ఆఫీసులో అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు.

ముందు రోజు గాలివానకి ఏటవతలి టవరు మీద తీగల్ని పట్టి ఉంచే పింగాణీ డిస్కులు పగిలాయి. కొత్త ఉక్కు ఫ్యాక్టరీకి వెళ్ళేది ఆ లైనే. ఆ రోజు పన్నెండింటికి మంత్రి వచ్చి ఫ్యాక్టరీ మీట నొక్కాలి.

"వెళ్ళిరా నాయనా. ఇవాళ దేశమంతా నీ భుజాల మీదుంది," అన్నాడు పెద్దాయన.

"దేశం ఏం బరువు పెద్దాయనా. ఆ డిస్కులే బరువు," అని బాబాయి సంతకం పెట్టి వెళ్ళాడు.

పదకొండు దాటాక పొట్టోడు ఒక్కడే తిరిగొచ్చాడు. చొక్కా గుండీలు తెగిపోయి ఉన్నాయి. పెద్దాయన కుండలో నీళ్ళు ముంచి ఇచ్చాడు. గ్లాసు ఖాళీ చేసి గోడకి జారబడ్డాడు.

"మంత్రి బందోబస్తు పోలీసులు," అన్నాడు. "అన్నా నేనూ ఇవతలి గట్టున ఎర్త్ గొలుసు దగ్గర ఉన్నాం. పని అప్పుడే అయింది. జీపులో దిగారు. అన్న కార్డు మీద ముద్ర గడువు దాటి నాలుగు రోజులైందంట. జుట్టు పట్టుకుని ఎక్కించారు. నేను మాట్లాడగానే నువ్వు మనవాడివేలే, పో అన్నారు. ఎర్త్ గొలుసు కూడా పీకేశారు పెద్దాయనా. టవర్లు పేల్చే సామానంట అది."

పొరపాటున తీగలోకి కరెంటు వచ్చినా మనిషిని తాకకుండా నేలలోకి దించే గొలుసు అది. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మరి వాడు?" అన్నాడు మెల్లగా.

పొట్టోడు తలుపు వైపు చూశాడు. "అవతలి టవరు మీదే ఉన్నాడు. పైన తీగలు వేలాడే ఇనప చెయ్యి మీద బోర్లా పడుకున్నాడు. రేవులో ఇద్దర్ని తుపాకులతో కాపలా పెట్టారు. దిగితే కనిపిస్తాడు. మంత్రి వెళ్ళేదాకా కనపడినవాణ్ణి కాల్చెయ్యమన్నారని వాళ్ళే అనుకుంటున్నారు."

ఇంకేమీ అడగడానికి వీలు లేకపోయింది. బయట జీపు ఆగింది. మా ఇంజనీరు గారు వచ్చారు. ఆయనకి మేం పెట్టుకున్న పేరు అర్జంటు సారు. టీ అయినా, ట్రాన్స్‌ఫార్మరైనా ఆయనకి అర్జంటే.

"లైన్ ఎందుకివ్వలేదింకా? అర్జంటు!"

"ఎల్.సి. తిరిగి రాలేదు సార్," అన్నాను.

ఆయన పొట్టోడి వైపు తిరిగారు. "పని అయిందా?"

"అయింది సార్."

"ఇద్దరూ దిగారా?"

పొట్టోడు నా వైపు చూశాడు. "ఇద్దరం దిగాం సార్," అన్నాడు. అది అబద్ధం కాదు.

"విన్నావుగా. ఇంకేం కావాలి?"

"తీసుకున్న మనిషి చెప్పాలి సార్. బాబాయిని స్టేషన్‌కి పట్టుకెళ్ళారు."

ఆయన విసుక్కుంటూ పోలీసు స్టేషనుకి ఫోను తిప్పారు. ఇన్‌స్పెక్టర్‌తో నవ్వుతూ రెండు మాటలు మాట్లాడి, ఆ కొండోడికి ఫోనివ్వండి అని రిసీవర్ నాకిచ్చారు.

"బాబాయ్, లైన్ తిరిగి ఇస్తున్నావా?"

"ఇవ్వట్లేదు తల్లీ."

ఇంజనీరు గారు రిసీవర్ లాక్కున్నారు. "పని అయిందా లేదా? అయిందా? మరి ఇవ్వడానికి నీకేం రోగం? ఎందుకివ్వవురా?" అవతల ఏం అన్నాడో నాకు వినపడలేదు. ఒక దెబ్బ చప్పుడు మాత్రం వినపడింది. ఆయన ఫోను పెట్టేశారు.

"చూశారా? ఇది కుట్ర. పని అయిందంటాడు, లైన్ ఇవ్వనంటాడు. మంత్రి ముందు దేశం పరువు తీయాలని. తాళం తియ్యి."

పోలీసుల ముందు పైన నా మనిషి ఉన్నాడని బాబాయి ఎలా అంటాడు? నేను మాత్రం ఎలా అనగలను? అంటే తాళం తియ్యరు, కానీ తుపాకులు టవరు వైపు తిరుగుతాయి. అనకపోతే తాళం తీస్తారు. నా చేతిలో ఉన్నది ఆ రూలొక్కటే. నాకు పెద్ద గొంతు లేదు. మా ఊరి బడిలో పాఠం అప్పజెప్పమంటేనే వెనక బెంచీలో దాక్కునేదాన్ని.

"మీరు రాసిస్తే తీస్తాను సార్," అన్నాను. "ఎల్.సి. తిరిగి రాకపోయినా లైనులోకి కరెంటు వదలమని ఇక్కడ రాసి సంతకం పెట్టండి."

పుస్తకం ఆయన వైపు తిప్పాను. ఆయన పెన్ను తీశారు. మూత తీశారు. ఆ పేజీ చాలాసేపు చదివారు. తర్వాత మూత పెట్టేశారు.

"పెద్దాయనా, మీరు తియ్యండి."

"నాకు చత్వారం సార్," అన్నాడు పెద్దాయన. "తాళం కప్పే కనపడదు, ఇక కన్నం ఎక్కడ కనపడుతుంది?"

"ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. రాసి పెట్టుకోండి," అని ఇంజనీరు గారు జీపెక్కి వెళ్ళిపోయారు.

"రాసుకోడానికి ఆ పెన్నన్నా ఇచ్చిపోలేదు," అన్నాడు పెద్దాయన. ఎవరం నవ్వలేదు.

పావు తక్కువ పన్నెండుకి మా బావ ఫోను చేశాడు. నేనుండేది అక్కావాళ్ళింట్లో. బావ ఆ ఫ్యాక్టరీలో ఎనిమిది నెలలుగా టెంపరరీ మీద ఉన్నాడు.

"ఏం మరదలా, నిద్రపోతున్నారా? ఎండలో రెండువేలమందిమి నిలబడ్డాం. మోటార్లు తిరిగితేనే పర్మినెంటు కాగితాలిస్తారంట."

"లైన్ తిరిగి రాలేదు బావా."

"ఎవడివ్వాలి? ఆ కొండోడేగా? ఇక్కడందరూ అదే అంటున్నారు. వాడి కోసం మీ అక్క నోట్లో మట్టి కొడతావా?"

చెప్పాలంటే చాలా ఉంది. చెప్పడానికి లేదు. "అక్కని నాకోసం ఆగకుండా అన్నం తినెయ్యమను," అని పెట్టేశాను.

పన్నెండున్నరకి పెద్దాయన రేడియో పెట్టాడు. ఫ్యాక్టరీ వాళ్ళు డీజిల్ జెనరేటర్ తెప్పించి దండ బల్బులు వెలిగించారు. మంత్రి మీట నొక్కాడు. చప్పట్లు వినిపించాయి. ఈ రోజుతో ఈ దేశంలో చీకటి యుగం ముగిసిందని, అందరం ఒకే తల్లి బిడ్డలమని, విడగొట్టాలని చూసేవాళ్ళ చేతులు విరిచేస్తామని అన్నాడు. మా ప్యానెల్ మీద ఆ లైను మీటరు ముల్లు సున్నా దగ్గర ఉంది.

"దేశం ముందుకు పోతోంది అమ్మాయ్," అన్నాడు పెద్దాయన రేడియో కట్టేస్తూ. "మనం ఎక్కామో లేదో చూసుకోకుండానే కదిలినట్టుంది."

ఒంటిగంట దాటాక మంత్రి కార్లు వంతెన మీదుగా వెళ్ళిపోయాయని పొట్టోడు చెప్పాడు. ఆ తర్వాత నలభై నిమిషాలు ఎదురుచూశాం. నేను గంటకోసారి రాయాల్సిన రీడింగులు రాశాను. పెద్దాయన డబ్బా మూత తీసి, అన్నం వంక చూసి, మళ్ళీ మూత పెట్టాడు.

బ్యాటరీ గది వెనక కిటికీ దగ్గర ఎవరో దగ్గారు. వెళ్ళి చూశాను. బావమరిది. కంచె కింద నుంచి దూరి వచ్చినట్టున్నాడు. ఇనుము మీద పడుకున్న వైపు చెంప, మోచెయ్యి కమిలిపోయి ఉన్నాయి. నీళ్ళడిగాడు. మూడు గ్లాసులు తాగాడు.

"బావని ఏం చేశారక్కా?"

"స్టేషన్లో ఉన్నాడు. నువ్విక్కణ్ణుంచి వెళ్ళిపో. రోడ్డు మీద వెళ్ళకు."

"ఒక్కసారి తీగ గాలికి ఊగి గుయ్‌మంది," అన్నాడు. "కరెంటొచ్చేసిందనుకున్నా." గ్లాసు కిటికీ మీద పెట్టి వెళ్ళిపోయాడు. నాకంటే రెండేళ్ళు చిన్నవాడై ఉంటాడు.

అతను దిగినా లైన్ వచ్చినట్టు కాదు. అతను పుస్తకంలో లేనే లేడు. నేనే స్టేషనుకి ఫోను చేశాను. లైన్ క్లియర్ కోసం మాట్లాడాలి, సబ్‌స్టేషన్ నుంచి అంటే, ఇన్‌స్పెక్టర్ నన్ను రెండు తిట్లు తిట్టి ఫోను ఇప్పించాడు.

"బాబాయ్, నేను."

"చెప్పు తల్లీ." పెదవి వాచినట్టుంది, మాట సరిగా రావడం లేదు.

"టవర్ల మీద ఎవరూ లేరు. నా కళ్ళతో చూసి చెప్తున్నాను."

నా మాట మీద ఆ ఒక్క ప్రాణం పెట్టాలి అతను. నేను మైదానం పిల్లని. మా బావ ఆ ఫ్యాక్టరీలోనే పనిచేస్తున్నాడని అతనికి తెలుసు.

"నువ్వు చూశావా?"

"చూశాను బాబాయ్. మంచినీళ్ళు కూడా ఇచ్చాను."

"అయితే రాసుకో," అన్నాడు. "లైన్ తిరిగి ఇస్తున్నాను."

ఒంటిగంటా యాభై ఐదు అని రాశాను. పెద్దాయన తాళం తీశాడు. కన్నం మొదటిసారికే దొరికింది. బ్రేకర్ వేస్తే ముల్లు లేచింది. కాసేపటికి ఏటవతల నుంచి ఫ్యాక్టరీ కూత వినిపించింది.

బావకి ఆ నెలాఖరుకి పర్మినెంటు అయింది. అయినా నాతో మాట్లాడడం మానేశాడు. అక్క మధ్యలో నిలబడి ఇద్దరికీ వడ్డించేది.

బాబాయిని వదల్లేదు. వేర్పాటువాదుల కుట్ర, మంత్రి సభకు విద్యుత్ నిలిపివేత అని పేపర్లో పడింది. దానికి సాక్ష్యం మా పుస్తకమే. పదకొండు దాటగానే పని అయిందని పొట్టోడు చెప్పినట్టు రాసి ఉంది, రెండు కావస్తుండగా గానీ లైన్ ఇవ్వలేదు. మధ్యలో ఉన్న మూడు గంటలకీ కారణం లేదు. అన్నీ నా గుండ్రటి అక్షరాలే.

నన్ను వాంగ్మూలానికి పిలిచారు. ముందురోజు పొట్టోడు ఇంటికొచ్చాడు. వాడికి స్టేషను లాకప్పు దగ్గర ఎవరో తెలిసినవాళ్ళున్నారు. "అన్న నీకు చెప్పమన్నాడు," అన్నాడు. "పుస్తకంలో ఎంతమందుంటే అంతమందే అని."

"ఎన్నేళ్ళు వేస్తారంట?"

"నాలుగంటున్నారు. ఎక్కువైనా కావచ్చు."

పెద్దాయనని అడిగాను. "మూడోవాడున్నాడని చెప్తే బాబాయి బయటికొస్తాడు, వాడు లోపలికెళ్తాడు. వాడికి కార్డు లేదు, వయసుంది. వాడిది నాలుగేళ్ళతో పోదమ్మాయ్. మన సంగతి సరేలే, నాకు పెన్షన్ రాదు, నీకు ఉద్యోగం ఉండదు. అది లెక్కలో వెయ్యకు," అన్నాడు. అన్నాక చాలాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు. ఆ అలవాటు మొదలుపెట్టింది ఆయనే.

స్టేషను గదిలో ఫ్యాను తిరుగుతోంది. టైపు కొట్టేవాడు కాగితం ఎక్కించాడు. ఇన్‌స్పెక్టర్ పుస్తకం తెరిచి నా ముందు పెట్టాడు.

"ఈ రాత నీదేనా?"

"నాదే."

"ఆ రోజు లైను మీద పనికి వెళ్ళింది ఎంతమంది?"

టైపు కొట్టేవాడి వేళ్ళు మీటల మీద ఆగి ఉన్నాయి.

"ఇద్దరు," అన్నాను.

బయట వరండాలో బెంచీ మీద బాబాయి భార్య కూర్చుని ఉంది. ఆమె పక్కన గుడ్డలో చుట్టిన గిన్నె. లోపలికి తీసుకోలేదట. నన్ను చూసి లేవబోయి, లేవలేక మళ్ళీ కూర్చుంది.

"ఏం చెప్పావమ్మా?"

"బాబాయి చెప్పమన్నదే చెప్పాను పిన్నీ."

ఆమె తల ఊపింది. ఏడవలేదు. "వాడు నిన్న ఇంటికొచ్చాడు, నా తమ్ముడు," అంది. "నేనే వెళ్ళి లొంగిపోతానన్నాడు. చెంప మీద కొట్టాను. కొట్టి, అన్నం పెట్టాను. తిన్నాడు." గిన్నె మీది ముడి సర్ది, "నేను కోరుకున్నదేంటో నాకే తెలియట్లేదమ్మా. నువ్వు మూడో మనిషున్నాడని చెప్పినా నిన్ను తిట్టుకునేదాన్ని కాదు," అంది.

ఆమె గిన్నె అవతలి పక్కకి జరిపి నాకు చోటిచ్చింది. నా బస్సుకి ఇంకా గంట టైముంది. ఆమె ఊరికి బస్సు లేదు, నడవాలి. ఇద్దరం కూర్చున్నాం.