పెట్టెకు అందని స్వరం

ఇరవై రెండు టీ గ్లాసులు కడుగుతూ పాడితే ఎవరికీ తప్పనిపించదు. ఆ గ్లాసుల్లో టీ తాగినవాళ్ళ ముందు కూర్చుని అదే పాట అలాగే పాడితే మాత్రం తప్పు. పెళ్ళయిన రెండు నెలలకు, దుమ్ముగూడెంలో మా అత్తగారింటి పెరట్లో, బూడిద అంటిన చేతులతో నాకీ సంగతి తెలిసింది. తెలిసి నవ్వొచ్చింది కూడా. ఈ మధ్య నాకన్నిటికీ నవ్వే. గాలి మీద ఇప్పపూల వాసన వస్తే నవ్వు. మా ఆయన ఆంథోని నన్ను ఫిలోమినా అనకుండా ‘ఫిలో’ అంటే నవ్వు. నేను కడిగిన గ్లాసుల్ని వాళ్ళమ్మ చూడకుండా తను తుడిచి బోర్లిస్తే ఇంకా నవ్వు.

మా మామయ్య ఇన్నయ్యగారు ఊరి చర్చి గుడిలో ఉపదేశి, ఫాదర్ రాని రోజుల్లో ప్రార్థన నడిపేది ఆయనే. ముప్పై ఏళ్ళుగా అక్కడ హార్మోనియం పెట్టె ఆయనదే. ఈసారి మట్టల ఆదివారానికి ఒక పాట కట్టారు, ప్రభువు గాడిదపిల్లనెక్కి ఊళ్ళోకి రావడం గురించి. కోడలు ఖమ్మంలో బి.ఏ. చదివింది, సంగీతం నేర్చింది, పాట తనే ఎత్తుకోవాలని అందరికీ చెప్పారు. పెళ్ళిచూపుల్లో నా గొంతు విని ముందుగా తలూపింది కూడా ఆయనే.

గుడిలో పాడేవాళ్ళంతా మా ఇంట్లో చేరి చేసిన ప్రాక్టీసు బాగానే సాగింది, పాటలో ‘మెల్లగా’ అన్న మాట వచ్చేదాకా. అక్కడి గాంధారాన్ని నేను రాయిలా కూర్చోబెట్టలేదు. పై స్వరాన్ని తాకించి, కిందికి జార్చి, ఊపి తెచ్చాను. గాడిద అలాగే కదా నడుస్తుంది, అటూ ఇటూ ఊగుతూ! నాకే ముచ్చటేసింది. హార్మోనియం ఆగిపోయింది.

“గొంతు వణుకుతున్నది బిడ్డా,” అన్నారు మామయ్య.

“వణుకు కాదు మామయ్యా, గమకం.”

“ఏదన్నగానీ. పెట్టెల ఈ మెట్టున్నది, ఆ మెట్టున్నది. నడుమ ఏం లేదు. నువ్వు నడుమ తిరుగుతున్నవ్.”

మళ్ళీ పాడాను. మళ్ళీ ఊగింది.

“దేవుడు గాడిదెక్కిండు గానీ పాట ఎక్కలే గద, గిట్ల ఊగనీకి,” అన్నారాయన. చాప మీది మగవాళ్ళంతా గొల్లుమన్నారు. “పెండ్లయిన పిల్లవు. మెడల పుస్తె సాలదా, గొంతుకు గూడ సొమ్ములెందుకు? సాఫ్‌గా పాడు. లేకుంటే వేరేటోళ్ళు పాడతరు, నువ్వు టీ సంగతి సూడు.”

ఆంథోని చాప పీచు పీకుతూ కూర్చున్నాడు. తర్వాత పెరట్లోకి వచ్చి గ్లాసు అందుకున్నాడు. “ఒక్క మాటే గద ఫిలో. నాయిన చెప్పినట్టు పాడరాదు?”

“ఒక్క మాటే కదా, మీ నాన్నగారు వదిలేయొచ్చుగా.”

తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడిచాడు.

ఖమ్మంలో నాకు పాఠం చెప్పిన సుబ్బరత్నం టీచర్, గమకం నేర్పిన రోజున నా వేళ్ళు తన గొంతు మీద పెట్టుకుని పాడారు. స్వరం కదలడం చేతికి తెలిసింది. “పుస్తకాల్లో దీన్ని అలంకారం అని రాస్తారు. నమ్మకు. నగ తీసి బీరువాలో పెట్టినా మనిషి మనిషే. ఇది తీసేస్తే అది ఏ రాగమో తెలియదు,” అన్నారు. ఈ రెండు నెలల్లో నేను తీసి పెట్టినవి చాలానే ఉన్నాయి. నడక జోరన్నారు, తగ్గించాను. నవ్వు గట్టిదన్నారు, కొంగు అడ్డం పెట్టుకున్నాను. పప్పులో ఇంగువ మానేశాను. అన్నీ సరదాగానే ఇచ్చేశాను, కొత్త ఇల్లు కదా అని. ఇది మాత్రం ఇవ్వను.

మర్నాడు అత్తమ్మ సవరమ్మ బియ్యం చెరుగుతూ, తలెత్తకుండా అంది. “నేను గూడ గట్లనే పాడేదాన్ని. మా ఊర్ల నాట్లేసుకుంట. పెండ్లయిన కొత్తల గుళ్ళె పాడితే, పెట్టెకు అందుతలేదన్నడు మీ మామ.”

“మరి?”

“మరేంది. ముప్పయ్యేండ్లాయె. పెదవులు కదిలిస్త.”

ప్రతి ఆదివారం ఆమె పక్కనే కూర్చుంటాను. పాడుతోందనే అనుకున్నాను.

మట్టల ఆదివారం పొద్దున గుడి నిండా జనం, చేతుల్లో తాటి మట్టలు. మామయ్య పెట్టె తిత్తి ఆడించి, నా వైపు ఒక చూపు చూశారు. సాఫ్‌గా, అని ఆ చూపు. నేను పాట ఎత్తుకోలేదు. చాప మీంచి లేచి పెట్టె దగ్గరికి వెళ్ళాను. గొంతు వణకలేదు.

“మామయ్యా, ‘సా’ మెట్టు ఒక్కటి నొక్కి పట్టుకోండి చాలు. మిగతా తోవ నాకు తెలుసు.”

ఆయన చుట్టూ చూశారు. పాడటానికి వేరేవాళ్ళెవరూ లేవలేదు.

“పట్టు నాయినా,” అన్నాడు ఆంథోని మగవాళ్ళ వరసలోంచి, మట్ట చాటున మొహం దాచుకుని.

ఫాదర్ ఎదురు చూస్తున్నారు. మామయ్య వేలు, చాలాసేపటికి, ఒక్క మెట్టు మీద దిగింది. గుడి నిండా ఒకే స్వరం పరుచుకుంది. దాని మీద నేను ‘మెల్లగా’ అన్నాను, నాకెంత కావాలో అంత మెల్లగా. గాడిదపిల్ల ఊగుతూ వచ్చింది.

రెండోసారి ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్ళ చాప మీంచి బొంగురుగా ఇంకో గొంతు లేచింది. అత్తమ్మది. నేను ఊపిన చోట ఆమె ఊపలేదు. ఏ మడిలో నేర్చిందో, తన చోట తను ఊపింది.

నేను ఆగి, ఆమెను ముందు పోనిచ్చాను.