పేరు చెప్పని పసరు

మా అత్త పోలేరమ్మ కామెర్లకు పసరు ఇచ్చేది. నాయుడుపేట నుంచి కూడా జనం బస్సెక్కి వాకాడు వచ్చి, అక్కడ ఆటో మాట్లాడుకుని సముద్రం ఒడ్డునున్న మా పల్లెకు చేరేవాళ్లు. ఆమె తెల్లవారకముందే ఒక్కతే పోయి ఆకు కోసుకొచ్చి, తలుపు వేసుకుని నూరి, మేకపాలలో కలిపి పరగడుపున తాగించేది. ఆకు పేరు మాత్రం ఎవరికీ చెప్పేది కాదు. ఇచ్చే మనిషి నోటి నుంచి పేరు బయటపడితే ఆ చేతికి ఇక గుణం ఉండదని మావాళ్ల నమ్మకం. కోడలినైన నాకూ చెప్పలేదు. నూరిన రాయి కడిగేది నేనే, ఆకు చూస్తే తెలియదా? అయినా తెలియనట్టే ఉండేదాన్ని. ఆమె గొప్ప ఆమెది.

పోయినేడు నా మొగుడు వినోద్‌కే కళ్లు పచ్చబడ్డాయి. వల లాగే మనిషి మంచం దిగలేకపోయాడు. నెల్లూరులో డాక్టరు స్కానింగ్ చూసి, "తాగుడు వల్లే లివర్ ఇట్లా అయింది. ఇక చుక్క ముట్టుకుంటే మనిషి దక్కడు" అన్నాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక అత్త పసరు, ఉప్పు లేని పథ్యం. మా ఇంట్లో చేప వాసన లేని కూడు అదే మొదలు. మెల్లగా కళ్లు తెల్లబడ్డాయి. డాక్టరు వైద్యమో, తాగుడు మానడమో, పసరో, ఏది పనిచేసిందో నాకు తెలియదు. వినోద్ మాత్రం పసరుకే దండం పెట్టాడు.

తంటా అంతా అక్కడే వచ్చింది. వేట నుంచి వచ్చిన ఒక సాయంత్రం మళ్లీ గుప్పున బ్రాందీ వాసన. నేను నోరు చేసుకుంటే నవ్వాడు.

"మే స్వర్ణా, మాయమ్మ పసరు ఉండాది గదా! పొద్దున్నే ఒక గ్లాసు తాగితే అంతా కడిగేస్తాది. నీకెందుకు భయం?"

అన్నట్టే చేశాడు. సాయంత్రం బ్రాందీ షాపు, చీకటి పడ్డాక ఇల్లు, పొద్దున అమ్మ ముందు గ్లాసు. నాకు ఒళ్లు మండిపోయింది.

"అత్తా, ఇంక ఇయ్యబాక" అన్నాను.

"ఇయ్యకపోతే మానతాడా? ఉన్న కాస్త కాపుదల గూడా పోతాది" అని కళ్లు తుడుచుకుంది. తల్లి కదా.

ఒక పొద్దున వినోద్ పాదాలు ఉబ్బి ఉన్నాయి. అత్త వంగి వేలితో నొక్కింది. పడిన గుంట పైకి లేవలేదు. ఆయనేమో ఎప్పటిలాగే చెయ్యి చాపాడు.

"అమ్మా, పసరు."

ఆమె గ్లాసు ఇవ్వలేదు. కొడుకు కళ్లలోకి చూస్తూ చెప్పింది.

"నేలుసిరి. నేను ఇన్నాళ్లూ నూరింది నేలుసిరి ఆకురా. మన పంపు కాడ మొలిచేదే."

వినోద్ ముఖంలో నెత్తురు లేదు. "ఎందుకు చెప్పినావమ్మా?" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ఇంక నా చేతిలో ఏమీ లేదు నాయనా. ఆస్పత్రికి పద."

ఆ రోజే ముగ్గురం నెల్లూరు వెళ్లాం. వాపు తగ్గి వినోద్ మళ్లీ వేటకు పోవడానికి నెలలు పట్టింది. తరువాత కామెర్లని ఎవరొచ్చినా, "నా పసరు పోయింది, డాక్టరుకు చూపించుకోండి" అని వాకిట్లోంచే పంపేసేది. కొన్నాళ్లకు ఆటోలు రావడం మానేశాయి. నూరే రాయి గోడకు ఆనించి ఉంటే నాకు దుఃఖం ఆగలేదు.

"ఎంతమంది వచ్చేవాళ్లు అత్తా! ఇప్పుడు ఒక్కరూ రావడం లేదే" అన్నాను.

ఆమె రేవు వైపు చూస్తూ అంది.

"వాడొస్తా ఉండాడు గదమ్మే, పొద్దు గూకకముందే."