తాత పనిచేసిన గ్రహం

గాజు వాన కురిసే గ్రహం మీద ముప్పై ఏళ్ళు పనిచేసి, ఏ రోజుకారోజు సాయంత్రానికి ఇంటికొచ్చేసిన మొనగాడు లోకంలో తానొక్కడేనని తాత ప్రకటించాడు.

"సైకిల్ మీదా తాతా?" అంది మనవరాలు కుంచె దించకుండానే.

"ఎదురుగాలి లేనిరోజు సైకిలే."

ఆమెకు నవ్వే ఓపిక లేదు. నక్షత్రశాల గోడ కోసం వేస్తున్న ఆ గ్రహం బొమ్మను అక్కడి పెద్దమేడం అప్పటికే రెండుసార్లు తిప్పి పంపింది. "ఇది మన వీధిలో వానేనమ్మా. కాస్త ఏటవాలుగా పడుతోందంతే" అని పెదవి విరిచింది. రేపు మూడోది కూడా నచ్చకపోతే పని వేరేవాళ్ళ చేతికి పోతుంది.

శాస్త్రవేత్తలు రాసిచ్చిన కాగితం ఆమెకు కంఠతా వచ్చు. ఎన్నో కాంతి సంవత్సరాల దూరం. కాలు మోపడానికి నేలే లేదు, అంతా వాయువే. ఒక వైపు ఎప్పుడూ పగలే, రెండో వైపు ఎప్పుడూ రాత్రే. గాలి గంటకు వేల కిలోమీటర్లు. మబ్బుల్లో కరిగిన ఇసుక. అన్నీ తెలుసు, ఒక్కటీ కళ్ళకు కట్టడం లేదు.

తాత కళ్ళజోడు తుడుచుకుని దగ్గరికి జరిగాడు. "ఈ చుక్కలేంటే?"

"గాజు వాన."

"ఓసి పిచ్చిదానా! అంత గాలిలో కరిగిన గాజు చుక్కలా నిలుస్తుందటే?"

ఎప్పుడో మూతబడ్డ గాజు కార్ఖానా తాత మాటల్లో మళ్ళీ రాజుకుంది. కొలిమి ముందు నిలబడితే మొహం మీద పగలు, వీపు మీద రాత్రి. గొట్టం కొసన తేనెముద్దలా వేలాడే గాజు. ఉక్కపోత భరించలేక ఒకనాడు తాత పెద్ద పంకాను కొలిమి వైపు తిప్పాడు. జారుతున్న గాజు నేలకు చేరితే ఒట్టు. పోగులు పోగులుగా సాగి, గది ఆ చివరికి అడ్డంగా ఎగిరిపోయింది.

"మేస్త్రీ నా మీద విరుచుకుపడ్డాడనుకో. అప్పుడే, సీసాలు సర్దే పిల్ల జడలో ఓ పోగు చిక్కుకుని తళుక్కుమంది. తీసిపెట్టే వంకతో మాట కలిపా. ఆ పిల్లే మీ అమ్మమ్మ."

మనవరాలు తడిగుడ్డతో చుక్కలన్నీ తుడిచేసింది. సన్నకుంచె తీసుకుని ఈ అంచు నుంచి ఆ అంచుకు అడ్డంగా లాగడం మొదలుపెట్టింది.

మర్నాడు పెద్దమేడం బొమ్మ ముందు నిలబడి, తెలియకుండానే చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుంది. "గుచ్చుకునేలా ఉందమ్మా. ఇదే ఉంచు" అంది.

ఆ కబురు వినగానే తాత ఛాతీ విరుచుకున్నాడు. "వెళ్ళొచ్చినవాడు చెబితే అలాగే ఉంటుంది మరి."

"నిజం చెప్పు తాతా."

"రైలెక్కితేనే కడుపులో తిప్పుతుందే నాకు, గ్రహమెక్కడ! కొలిమి గది దాటి ఎరగను."

"మరి పంకా?"

"పంకా నిజం. మేస్త్రీ తిట్లూ నిజమే. కావాలంటే వరసగా అప్పజెబుతా."

"ఓ మూల ఒక్క పోగు మాత్రం బాగా మెరిసేలా వేశాను. అమ్మమ్మ జడలోది."

తాత కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"అదొక్కటీ నేను కల్పించిందే తల్లీ. ఆ రోజు మీ అమ్మమ్మ చీపురు తెచ్చి నా చేతిలో పెట్టి, 'ఊడ్చు' అంది. అంతే."